పొద్దున దేవునికి అప్పగిస్తా, పదింటికల్లా వెనక్కి తీసేసుకుంటా. ఎవరికైనా ఇలాగే ఉందా?

తెనాలి_పిల్ల
చాలా రోజులుగా అడుగుదామనుకుంటున్నా. పొద్దున్నే లేచి వాక్యం చదువుకుని, మోకరించి "ప్రభువా ఈ రోజు నీది, నీ ఇష్టప్రకారమే జరిగించు" అని నిజంగానే అంటాను, నటన కాదు. స్కూలు బస్సు ఎక్కేసరికి మళ్లీ అవే లెక్కలు. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డా నాకు రాలేదంటే ఇంకెప్పుడొస్తుంది, ఈ ప్రైవేటు స్కూలు జీతంతో ఎన్నాళ్లు, తమ్ముడి ఫీజు ఎట్లా, ఇదే గోల. దీన్ని అప్పగించడం అంటారా? ఇది చాలదన్నట్టు మొన్న స్త్రీల కూటంలో ఒక ఆంటీ అందరి ముందూ "నీలో సంపూర్ణ సమర్పణ లేదమ్మా, అందుకే దేవుడు ఆపుతున్నాడు" అనేసింది. ఉపవాసాలు ఉంటున్నా, దశమభాగం ఇస్తున్నా, సండే స్కూల్ చెబుతున్నా. ఇంకా ఏం చేస్తే దేవునికి ఇష్టంగా ఉంటానో తెలియట్లేదు. వాక్యాలు కాపీ పేస్టు చేయకండి ప్లీజ్, అవి నాకూ వచ్చు. మీరు రోజూ ఏం చేస్తున్నారో చెప్పండి.

గుంటూరు_కారం
పదింటిదాకా ఆగుతున్నావంటే గొప్పే. నేను పళ్లు తోముకునేలోపే తీసేసుకుంటా.

గోదారి_గట్టు
ఆ ఆంటీ ప్రతి సంఘంలోనూ ఉంటుంది. మా సంఘంలో ఇద్దరున్నారు, ఒకళ్లకొకళ్లకి పడదు.

పాతనిబంధన_ప్రియుడు
కాపీ పేస్టు వద్దన్నారు కాబట్టి మన్నా సంగతి, అంటే ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడు పంపిన ఆహారం సంగతి, నా మాటల్లో చెబుతా. నిర్గమకాండం 16. విశ్రాంతి దినం సంగతి తప్పిస్తే ఏ రోజు మన్నా ఆ రోజే ఏరుకోవాలి. రేపటికని దాచినవాళ్లది పురుగు పట్టి కంపు కొట్టింది. నిన్న ఏరుకున్నాం కదా అని ఈ రోజు ఎవరూ పడుకోలేదు. మీరు రోజూ మళ్లీ మళ్లీ అప్పగించాల్సి రావడాన్ని లోపం అనుకుంటున్నారు, అక్కడి ఏర్పాటే అలా ఉంది. నలభై ఏళ్లు అలాగే నడిచింది. ఒకేసారి సమర్పించేసుకుని ఇక జీవితాంతం ప్రశాంతంగా ఉన్న మనిషి నాకైతే బైబిల్లో ఎక్కడా కనపడలేదు. అబ్రాహాము కూడా వాగ్దానం విన్నాక ఐగుప్తు వెళ్లి భార్యను చెల్లెలని చెప్పాడు.

బోధకుని_కొడుకు
మన్నా వినడానికి బాగుంటుంది బ్రదర్. నేను పుట్టిందే అలాంటి ఇంట్లో. నాన్న పల్లెటూళ్లో సేవకుడు, జీతం లేదు, "దేవుడే పోషిస్తాడు" అని ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. అది నాన్న విశ్వాసం, దాన్ని నేను తక్కువ చేయను. కానీ నెలాఖరుకి కిరాణా కొట్టుకి వెళ్లేది అమ్మ. కొట్టాయన ఖాతా పుస్తకం తీసి, వేలు తడి చేసుకుని ఒక్కో పేజీ తిప్పుతూ, మా పేరు దగ్గర ఆగి, కూడిక బయటికి వినపడేలా చేసేవాడు. పక్కన సరుకులు కట్టించుకునేవాళ్లు మా సంఘం వాళ్లే. అమ్మ కొంగు సరిచేసుకుంటూ నిలబడేది. ఆదివారం నాన్న వేదిక మీద సాక్ష్యం చెబితే అందరూ ఆమెన్ అనేవాళ్లు, అమ్మ తల ఎత్తేది కాదు. ఇంట్లో ఒకళ్లు సమర్పించుకుంటే దాని బరువు ఎవరి మీద పడుతుందో అది కూడా మాట్లాడుకోవాలి.

గోదారి_గట్టు
@బోధకుని_కొడుకు చదువుతుంటే కడుపులో దేవినట్టయింది. మా అత్తగారిది కూడా ఇదే కథ.

లూథరన్_మావయ్య
తల్లీ తెనాలి పిల్లా, కోపం తెచ్చుకోకు. ఉపవాసాలు, దశమభాగం అని లిస్టు రాశావే, లూకా 18లో గుడికి వెళ్లి తన భక్తికి తానే మురిసిపోయిన పరిసయ్యుడి ప్రార్థనలో సరిగ్గా ఆ రెండే ఉన్నాయి. సండే స్కూల్ ఒక్కటే నువ్వు అదనంగా చేసింది.

తెనాలి_పిల్ల
మావయ్యగారూ, ఒక్క పోస్టుతో పరిసయ్యురాలిని చేసి కూర్చోబెట్టారు 😄 ఆంటీయే నయం.

లూథరన్_మావయ్య
అయ్యో అలా కాదమ్మా. చెప్పేది పూర్తిగా విను. యేసు బాప్తిస్మం తీసుకుని నీళ్లలోంచి బయటికి రాగానే ఆకాశంనుంచి శబ్దం వచ్చింది కదా, "ఈయనే నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను" అని. అప్పటికి ఆయన ఏం చేశాడు చెప్పు? ఒక్క ప్రసంగం లేదు, ఒక్క అద్భుతం లేదు, ఒక్క శిష్యుడు లేడు. నజరేతులో వడ్రంగి పని, అంతే. తండ్రి ఆనందం ముందే ఉంది, పని తర్వాత మొదలైంది. మనం దాన్ని తిరగేసి, ముందు పని చూపిస్తాం తర్వాత నువ్వు ఆనందించు అంటున్నాం. నేను గుంటూరు వాడిని. లూథరన్ మిషనరీ హేయర్ దొర 1842లో వచ్చినప్పటినుంచీ మా వాళ్లు కృప, కృప అని చెబుతూనే ఉన్నారు, అయినా మా ఇళ్లల్లోనే ఎవరు ఎన్ని కూటాలకు వచ్చారని హాజరు వేస్తాం.

గుంటూరు_కారం
మావయ్యా, హాజరు వేసేది మీరే కదా, పుస్తకం మీ సంచిలోనే చూశా.

సంపూర్ణ_విశ్వాసి
కృప పేరు చెప్పి సోమరితనం నేర్పకూడదు. హెబ్రీ 11:6 చాలా స్పష్టంగా ఉంది, విశ్వాసం లేకుండా దేవునికి ఇష్టులై ఉండటం అసాధ్యం. సిస్టర్‌కి ఆంటీ చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. ఆందోళన ఉందంటే నమ్మకం తక్కువ ఉన్నట్టే. తగ్గించుకోవాలి, ఒప్పుకోవాలి.

డల్లాస్_నుంచి
@సంపూర్ణ_విశ్వాసి ఇక్కడ మీతో ఏకీభవించలేను. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు చెమట రక్తబిందువుల్లా పడింది, ఒకే ప్రార్థన మూడుసార్లు చేశాడు. ఆందోళన ఉంటే నమ్మకం లేనట్టే అంటే ఆయన సంగతేంటి? "నీ చిత్తమే" అన్నది ఆ చెమట తుడుచుకున్నాక కాదు, అది కారుతుండగానే.

నా సంగతి చెబుతా. రెండు ఉద్యోగాలు వరసగా పోయాయి. అమెరికాలో హెచ్ వన్ బీ వీసా మీద ఉన్నవాళ్లకి తెలుసు, ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదంటే పెట్టెలు సర్దుకోవాలి. పిల్లాడు స్కూల్లో, ఇంటి అద్దె ఒప్పందం మధ్యలో. నేను చేసిందేమీ గొప్పగా లేదు. పొద్దున ప్రార్థన, తర్వాత అప్లికేషన్లు, సాయంత్రం రెఫరల్ కోసం మొహమాటం వదిలేసి పాత కొలీగ్స్‌కి ఫోన్లు. రాత్రి తొమ్మిదికి లాప్‌టాప్ మూసేసి మా ఆవిడ చేతికి ఇచ్చేవాడిని, ఆమె బీరువాలో పెట్టేది. మూసేశాక చూడకుండా ఉండటమే నా సమర్పణ. నిద్ర పట్టేదా అంటే చాలా రాత్రులు పట్టలేదు. కానీ తీసి చూడలేదు.

నెల్లూరు_నాయుడమ్మ
బీరువా ఐడియా బాగుంది. మా ఆయన ఫోన్‌కి కూడా పెట్టాలి.

పక్కింటి_వైష్ణవుడు
నేను క్రైస్తవుడిని కాదు, అప్పుడప్పుడు చదువుతుంటా, తప్పైతే మోడరేటర్ గారు తీసేయండి. మా శ్రీవైష్ణవుల్లో శరణాగతి గురించి ఇదే వాదన ఎప్పటినుంచో ఉంది. కోతిపిల్ల తల్లిని గట్టిగా పట్టుకుని ఉండాలి, వదిలితే పడుతుంది. పిల్లికూన ఏమీ చేయదు, తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అంటారు. మాలో రెండు శాఖలు, కోతిపిల్ల దారి అనే వడగలై, పిల్లికూన దారి అనే తెంగలై వాళ్లు దీనిమీద శతాబ్దాలుగా తేల్చుకోలేదు. మీరు ఈ ఒక్క చర్చలో తేల్చేసుకోరని నా నమ్మకం.

గుంటూరు_కారం
అయితే సంపూర్ణ విశ్వాసి గారు కోతి, మావయ్య పిల్లి. 

లూథరన్_మావయ్య
నన్ను పిల్లి అన్నా పర్వాలేదు గానీ, వైష్ణవుడు గారూ, చాలా బాగా చెప్పారు. తీసేయక్కర్లేదు.

ఒంగోలు_బాప్టిస్టు
కూర్చోవాలా చేయాలా అన్న దానికి మా ఊరి కథ ఒకటి ఉంది. 1854 జనవరి 1న బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, మరి కొందరు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఇక్కడికి ఒక మిషనరీని పంపమని ప్రార్థన చేశారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. ఆ మిషనరీ, క్లౌ దొర, ఒంగోలు వచ్చింది 1866లో. పన్నెండేళ్లు. ఆ మధ్యలో అమెరికాలో ఈ మిషను దండగ, మూసేద్దాం అని కూడా మాట్లాడుకున్నారు.

తర్వాత 1876లో ధాత నామ సంవత్సరపు కరువు. క్లౌ వెనకటికి సర్వేయరు పని చేసినవాడు. ఆయన ప్రార్థన చేసుకుంటూ కూర్చోలేదు, బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. మా ముత్తాతలు మట్టి మోసింది అక్కడే. నాకు నచ్చేది దాని తర్వాత సంగతి. కరువు పని నడుస్తున్నంతకాలం జనం బాప్తిస్మం ఇమ్మని వెంటపడ్డా ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వస్తున్నారేమో అని. పని ఆగి, ఇక ఆయన చేతుల్లో ఇవ్వడానికి ఏమీ లేనప్పుడు కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెలుంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. రిపోర్టులో అంకెలు పెంచుకోవాలనుకునే మనిషైతే కరువులోనే ముంచి లేపేవాడు.

బోధకుని_కొడుకు
ఇది నాకు తెలియదు. వాళ్లు గింజల కోసం కాదని నిరూపించుకోవాల్సి వచ్చింది చూడండి, అది మాత్రం కొంచెం గుచ్చుకుంటోంది. ఆకలితో ఉన్నవాడు అన్నం కోసం వస్తే తప్పేంటి?

ఒంగోలు_బాప్టిస్టు
తప్పు లేదు. అన్నం ఇచ్చాడుగా. బాప్తిస్మమే ఆపాడు.

తెనాలి_పిల్ల
మీ అందరి పోస్టులూ మధ్యాహ్నం స్టాఫ్ రూంలో కూర్చుని చదివా. ఇంకో సంగతి రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నా. ఉద్యోగం గురించి మాత్రమే అయితే నేను ఇంత బాధపడేదాన్ని కాదు. ఆ ఆంటీయే మా అమ్మకి కూడా చెప్పింది, "పూర్తిగా నమ్మితే మాత్రలెందుకు" అని. అమ్మకి షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. పది రోజులుగా మాత్రలు వేసుకోవట్లేదని నిన్న తెలిసింది, తలగడ గలీబులో దాచింది. పైగా ఉపవాసం. నేను అరిస్తే "నీకు విశ్వాసం లేదు, నా విశ్వాసం కూడా పాడుచేయకు" అంటోంది. నా సమర్పణ సరిపోకే ఆమెకు స్వస్థత రావట్లేదేమో అని కూడా ఒక్కోసారి అనిపిస్తోంది.

నర్సమ్మ_నైట్_డ్యూటీ
ముందు మీ అమ్మగారికి ఇప్పుడే షుగరు, బీపీ చూపించండి. ఇంట్లో మెషీన్ లేకపోతే దగ్గర్లో ల్యాబులోనో క్లినిక్‌లోనో చేస్తారు. మత్తుగా ఉన్నా, వాంతులున్నా, ఆయాసమున్నా, మాట తడబడుతున్నా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇంకొకటి, అన్నీ ఒకేసారి మింగించేయకండి. కొన్ని షుగరు మాత్రలు వేసుకుని తిండి మానేస్తే షుగరు మరీ పడిపోతుంది, అది ఇంకా ప్రమాదం. ఆమెకు రాసిన డాక్టరుకి ఉపవాసం సంగతి, మానేసిన సంగతి దాచకుండా చెప్పి మళ్లీ మొదలుపెట్టించండి.

ఇప్పుడు నా మాట. నేను వార్డులో రోజూ ప్రార్థన చేస్తాను. ఇన్సులిన్ సిరంజి చేతిలో పట్టుకుని గీత దగ్గర యూనిట్లు చూసుకుంటూ మనసులో చేస్తాను. కాలి వేలు నల్లబడ్డాక తీసుకొచ్చినవాళ్లను చూశాను. "దేవుడు బాగుచేస్తాడని ఆగాం" అని చెప్పేటప్పుడు వాళ్లు తల దించుకుంటారు. వాళ్ల విశ్వాసాన్ని నేను తప్పు పట్టను, వాళ్లను ఆపినవాళ్ల మీదే నాకు మంట.

సంపూర్ణ_విశ్వాసి
మందులు వద్దని నేను చెప్పను. కానీ 2 దినవృత్తాంతములు 16:12 కూడా బైబిల్లోదే. ఆసా రాజుకు పాదాల్లో జబ్బు వస్తే యెహోవాను వెదకకుండా వైద్యులను పట్టుకున్నాడని తప్పుగానే రాశారు. నాకు స్వయంగా ప్రార్థన వల్ల నడుం నొప్పి పోయింది, ఇది సాక్ష్యం.

పాతనిబంధన_ప్రియుడు
@సంపూర్ణ_విశ్వాసి మీ నడుం బాగుపడినందుకు సంతోషం, నిజంగానే. కానీ ఆసా అధ్యాయం మొదటినుంచి చదవండి. అంతకుముందు గుడి వెండి బంగారాలు తీసి సిరియా రాజుకు పంపాడు, అది తప్పని చెప్పిన దీర్ఘదర్శిని బందీఖానాలో వేశాడు. జబ్బు దగ్గర కూడా అదే మొండితనం. వైద్యుడి దగ్గరికి వెళ్లడం కాదు, యెహోవాను వెదకకపోవడం అక్కడ తప్పు. ఇటు జబ్బుపడ్డ హిజ్కియా రాజును చూడండి. ఇంకా 15 ఏళ్లు బతుకుతావని దేవుడే మాట ఇచ్చాడు. మాట వచ్చాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. మాట వచ్చింది కదా, కట్టు ఎందుకు అని ఎవరూ అనలేదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే.

లూథరన్_మావయ్య
దానికి ఇంకొకటి కలుపుతా. నమ్మకముంటే దూకు, దేవదూతలు ఎత్తుకుంటారు అని ఆలయ శిఖరం మీద నిలబెట్టి చెప్పింది ఎవరో గుర్తు చేసుకోండి. 91వ కీర్తన చూపించి మరీ చెప్పాడు ఆ సాతాను. యేసు దూకలేదు.

గుంటూరు_కారం
మావయ్య ఇవాళ ఫుల్ ఫామ్‌లో ఉన్నాడు.

సంపూర్ణ_విశ్వాసి
ఆ ఉదాహరణ ఆలోచించాల్సిందే. అమ్మగారిని డాక్టరుకు చూపించండి సిస్టర్. మా కూటంలో ఆమె పేరు పెట్టి ప్రార్థిస్తాం. ఆందోళన విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

పేరు_అడక్కండి
అమ్మ విషయం ముఖ్యం, మధ్యలో నాది తోస్తున్నందుకు ఏమనుకోకండి. "దేవునికి అప్పగిస్తా" అని టైటిల్ చూసి వచ్చా. నాది కూడా నోటిఫికేషన్ గొడవే. మా నాన్న రికార్డులో హిందూ మాల, పేరు వెంకటయ్య లాంటిది అనుకోండి, సంఘంలో ఇంకో పేరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనల్ని చేర్చలేదు. మారినవాళ్లకి బీసీ-సీ, ఒక్క శాతం. నేను బాప్తిస్మం తీసుకున్నా. ఇప్పుడు ఫారంలో కులం గడి దగ్గర ఆగిపోయా. ఎస్సీ అని పెడితే ఉద్యోగం వచ్చే మార్కులున్నాయి. బీసీ-సీ పెడితే రాదు. పాస్టరుగారిని అడిగితే "ప్రార్థన చేయి" అన్నాడు. ఆయన పిల్లల సర్టిఫికెట్లు ఏమిటో ఊళ్లో అందరికీ తెలుసు.

నెల్లూరు_నాయుడమ్మ
నిజం రాయాలి తమ్ముడూ. సమర్పణ అంటే అదే కదా. కష్టమే, కానీ అబద్ధం మీద వచ్చిన జీతం మీద రోజూ స్తోత్రం ఎలా చెబుతావు?

బోధకుని_కొడుకు
@నెల్లూరు_నాయుడమ్మ అక్కా, మీ హ్యాండిల్ చూసి అడుగుతున్నా, తప్పుగా అనుకోవద్దు. ఈ గడి దగ్గర మీరెప్పుడైనా ఆగాల్సి వచ్చిందా? బాప్తిస్మం తీసుకున్న మర్నాడు ఊళ్లో మమ్మల్ని ఎవరైనా వేరే కులంగా చూశారా? అదే పల్లె, అదే పిలుపు. చట్టం మాత్రం మీకిక ఆ వివక్ష లేదు అంటోంది. ఈ మెలిక పెట్టిన వాళ్లను వదిలేసి ఆ కుర్రాడి మనస్సాక్షిని గుచ్చడం నాకు నచ్చలేదు.

నెల్లూరు_నాయుడమ్మ
లేదు, ఆగాల్సిన అవసరం నాకు రాలేదు. ఆ మాట ఒప్పుకుంటా. అయినా నా జవాబు అదే.

ఒంగోలు_బాప్టిస్టు
చట్టం అన్యాయమని నేనూ అంటా, దానిమీద సుప్రీంకోర్టులో ఏళ్లుగా కేసులు నడుస్తూనే ఉన్నాయి. అయితే తమ్ముడూ, దొంగ సర్టిఫికెట్టు అని ఎవరైనా పిటిషన్ పెడితే ఉద్యోగం వచ్చిన పదేళ్లకైనా పీకేస్తారు, అది కూడా చూసుకో. నేను బీసీ-సీ పెట్టి రెండుసార్లు పోగొట్టుకున్నా. ఇప్పుడు మెడికల్ షాపు. దేవుడు దానికి బదులుగా ఏదో ఇచ్చాడని సాక్ష్యం చెప్పమంటారు, నేను చెప్పను. పోయింది పోయింది. ఆ మార్కుల లిస్టు ఇంకా నా దగ్గరుంది.

పేరు_అడక్కండి
థాంక్స్ అన్నా. బదులు ఇచ్చాడని చెప్పనందుకే ఎక్కువ థాంక్స్.

డల్లాస్_నుంచి
దానియేలు 3 గుర్తొచ్చింది. "ఆయన రక్షించినా, ఒకవేళ రక్షించకపోయినా" అని, రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కమన్న ముగ్గురూ అగ్నిగుండం ముందు నిలబడి అన్నారు. మన సాక్ష్యాల్లో రెండో సగం ఎప్పుడూ వినపడదు.

మోడరేటర్
సర్టిఫికెట్ల విషయం వేరే చర్చగా తెరిచాను, అక్కడ కొనసాగించండి. వ్యక్తుల కులం మీద వ్యాఖ్యలు వద్దు. ఇక్కడ అసలు ప్రశ్న దగ్గరే ఉందాం.

తెనాలి_పిల్ల
అమ్మని తీసుకెళ్లా. ఖాళీ కడుపుతో చూస్తే షుగరు 312. డాక్టరు తిట్టలేదు, అదే మేలు. మాత్రలు మార్చి రాశారు, ఉపవాసం మానేయమన్నారు. అమ్మ మాత్రం ఇంటికొచ్చాక "పాస్టరు అయ్యగారు చెబితేనే వేసుకుంటా" అని కూర్చుంది.

నర్సమ్మ_నైట్_డ్యూటీ
312 అంటే బాగా ఎక్కువే, మంచి పని చేశారు. ఈ వారమంతా డాక్టరు చెప్పినన్నిసార్లు చూపిస్తూ ఉండండి. మీ పాస్టరుగారు ఎలాంటివారు? మందులకు వ్యతిరేకమా?

తెనాలి_పిల్ల
కాదండీ. ఆయనే థైరాయిడ్ మాత్ర వేసుకుంటారు.

గుంటూరు_కారం
అయితే ఆయన్ని మాత్ర తెచ్చుకుని మీ ఇంటికి టిఫినుకు రమ్మను. ఇద్దరూ కలిసి ప్రార్థన చేసి కలిసి మింగుతారు.

లూథరన్_మావయ్య
వెటకారంగా అన్నా ఇదే పని చేసే దారి. అయ్యగారికి నువ్వు కాకుండా పాస్టరమ్మగారి చేత చెప్పించు తల్లీ, ఆవిడ మాటైతే ఆయనకు వినపడుతుంది.

తెనాలి_పిల్ల
పాస్టరమ్మగారితో ఇప్పుడే మాట్లాడా. రేపు పొద్దున ఏడింటికి ఇద్దరూ వస్తున్నారు. ఆయన థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని గంట ఆగాలట, కాబట్టి ఇడ్లీ ఎనిమిది దాటాకే. ఆ ఆంటీని కూడా పిలవమంటోంది అమ్మ. పిలవనా?

గోదారి_గట్టు
పిలువు. ఇడ్లీ మాత్రం నువ్వే వడ్డించు, ఆవిడకి మాట్లాడే ఖాళీ ఇవ్వకు.